బొమ్మ వచ్చిన ఆదివారం

చింతలబండ,
2 జూలై 2007

పరశురాములుకు,

మీ బావ రామనర్సయ్య రాసేది. ఇక్కడ నేనూ, మీ అక్కా, గొర్రెలూ బాగానే ఉన్నాం. ఒక పొట్టేలుకు కాలు బెణికింది, అది కూడా నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావు. మా ఊళ్లో అందరికీ పనికొచ్చే ఫోన్ కాటమ్మ కొట్టు ముందున్న డబ్బా ఒక్కటే. అందులో రూపాయి వేసి మాట్లాడితే కాటమ్మ వింటుంది. కాటమ్మ విన్నది పొద్దుగూకేలోపు ఈదయ్య వింటాడు. ఇది ఈదయ్య వినకూడని సంగతి.

మే నెలలో టీవీవాళ్లు మన మంద దగ్గరికి వచ్చారని చెప్పాను గదా. మిర్యాలగూడలో పనిచేసే పశువుల డాక్టరు మన గొర్రెల గురించి చెప్పి పంపాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నన్ను మందలో నిలబెట్టి, కడుపులో పురుగులు పడిపోయే నట్టల మందు ఎప్పుడు తాపుతావు, ఎట్లా తాపుతావు అని అడిగారు. అది రైతుల కార్యక్రమంలో జూలై పదిహేను, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు వస్తుందని కార్డు వచ్చింది.

ఆగస్టు మొదట్లో మా గొర్రెల పెంపకందారుల సంఘానికి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. నేనూ ఈదయ్యా నిలబడ్డాం. ఈదయ్య కాటమ్మ కొట్టు అరుగు మీద కూర్చుని ఏమంటున్నాడో తెలుసా? "టీవీ లేదు గీవీ లేదు. గాళ్లు తొవ్వ తప్పొచ్చిండ్రు. ఈయన తొవ్వ జూపించిండు. గంతే." కాబట్టి ఆ ఆదివారం ఊరంతా మా ఇంట్లో కూర్చుని నన్ను టీవీలో చూడాలి. చూస్తే అధ్యక్షుణ్నవుతాను. చూడకపోతే అబద్ధాలకోరునవుతాను.

పాత ఏరియల్ మీద ఆ ఛానల్ చుక్కలు చుక్కలుగా వస్తుంది. మనిషేదో గొర్రేదో తెలియదు. అందుకని సూర్యాపేట వెళ్లి నెల కిరాయి లేని డిష్ కొన్నాను. కొట్టువాడు బిగించడానికి మనిషిని పంపుతానన్నాడు. ఇంకా పంపుతూనే ఉన్నాడు. నేనే డాబా మీద నిలబెట్టి, పాత ఏరియల్ లాగా హైదరాబాదు దిక్కు తిప్పాను. ఒక్క బొమ్మా రాలేదు. మీ అక్క "హైదరాబాదుకు మనకు నడుమ గుట్ట అడ్డమున్నది, గుట్ట మీదికి గొంటవో" అంటోంది. గుట్ట మీద కరెంటు లేదు.

నీకు ఇట్లాంటివి తెలుసు. వస్తే మంచిది. రాలేకపోతే వెంటనే రాయి.

మీ బావ,
రామనర్సయ్య


కోదాడ,
6 జూలై 2007

బావకు,

పరశురాములు నమస్కరించి రాసేది. ఉత్తరం అందింది. చదివి స్వరూపా నేనూ చాలాసేపు నవ్వాం. నవ్వినందుకు కోపం తెచ్చుకోకు.

డిష్ హైదరాబాదును చూడదు బావా. ఆకాశాన్ని చూస్తుంది. ఆకాశంలో ఒక యంత్రం నిలబెట్టి ఉంటుంది, బొమ్మ అక్కడి నుంచి పడుతుంది. మన ప్రాంతానికి అది తూర్పుకూ దక్షిణానికీ నడుమ ఉంటుంది. ఎదురింటి కొప్పు మీద కాకి ఉంటే ఆ కాకిని చూసినట్టు కాదు, దాని పైన గద్ద తిరుగుతుంటే ఆ గద్దను చూసినట్టు పెట్టు. ఒకేసారి జానెడు తిప్పకు. గోరంత తిప్పి ఆగు, మళ్లీ గోరంత తిప్పు. అక్కను టీవీ ముందు కూర్చోబెట్టి కేకవేయమను. బొమ్మ రాగానే బోల్టులు బిగించి కిందికి దిగు. బొమ్మ వచ్చాక ఇంకా బాగా వస్తుందేమో అని మళ్లీ ముట్టుకున్నావా, అంతే సంగతి. నీ సంగతి నాకు తెలుసు గనక చెబుతున్నాను.

నేను రాలేను. కాలువకు నీళ్లు వదలక ముందే షట్టర్లన్నిటికీ గ్రీజు పెట్టించాలని మా ఆఫీసులో పరుగులు పెట్టిస్తున్నారు. అటెండరును గాబట్టి డబ్బా మోయడం నా వంతు. చొక్కాలన్నీ గ్రీజే.

స్వరూప బాగుంది. పక్కింట్లోకి గుంటూరు వైపు వాళ్లు దిగారు. ఆమెతో మాట్లాడి మాట్లాడి మొన్న నన్ను "ఏవండీ" అని పిలిచింది. ఇంటికి ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను.

మాకు కేబుల్ ఉంది గనక పదిహేనో తారీఖు మేమూ చూస్తాం. ఇంతకూ టీవీవాళ్లతో ఏం మాట్లాడావో రాయలేదు.

నీ బావమరిది,
పరశురాములు


చింతలబండ,
10 జూలై 2007

పరశురాములుకు,

బొమ్మ వచ్చింది!

నువ్వు రాసినట్టే గద్దను చూసినట్టు పెట్టాను. నేను పైన, మీ అక్క లోపల. "వచ్చిందా?" అంటే "రాలే" అంటుంది. చాలాసేపు ఇదే మాట. వాకిట్లో వెళ్లేవాళ్లు ఆగి, "ఏమన్న ఈనుతున్నదా మణెమ్మా?" అని అడిగారు. చివరికి మీ అక్క పలకడం మానేసింది. ఏమైందోనని కిందికి దిగి చూస్తే బొమ్మ వచ్చి ఉంది, ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉంది. ఆ బొమ్మ ఎప్పుడు వచ్చిందో, నేను పైన ఇంకా ఎంతసేపు గోరంత గోరంత తిప్పానో దేవుడికే తెలియాలి. అయినా నిలిచింది.

ఎంత బాగుందనుకున్నావు! వార్తలు చదివే ఆమె చెవి కమ్మలు కూడా లెక్కపెట్టొచ్చు. మనకు తెలియని భాషల ఛానళ్లే ఎక్కువ వస్తున్నాయి. మీ అక్క అవి కూడా చూస్తోంది. భాష రాకపోతేనే నయమంటుంది, ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియకుండా చీరలు చూడొచ్చట.

ఏం మాట్లాడానని అడిగావు. సగం రోజు మాట్లాడాను, ఏం గుర్తుంటుంది? నట్టల మందు గురించి చెప్పాను. వానలు పడే ముందు ఒకసారి, పడ్డాక ఒకసారి తాపాలన్నాను. అడిగే అమ్మాయి మంచిది. నేనేం చెప్పినా నవ్వింది. కొన్ని మాటలు చాయ్ తాగేటప్పుడు మాట్లాడుకున్నవి. అవి కార్యక్రమంలోకి రావు.

ఊరంతా పిలిచాను. ఈదయ్య ఇంటికి కూడా వెళ్లి పిలిచాను. మా ఇద్దరికీ మాటలు లేక చాలా ఏళ్లయిందని నీకు తెలుసు, మేత బీడు కాడ జరిగిన గొడవ అప్పటి నుంచి. "వస్తవా?" అంటే "బొమ్మ వస్తే జూస్త" అన్నాడు.

మబ్బులు పడుతున్నాయి. డిష్ గురించి నువ్వు ఆలోచన పెట్టుకోకు. ఈనిన గొర్రెపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నాను.

మీ బావ,
రామనర్సయ్య


చింతలబండ,
17 జూలై 2007

పరశురాములుకు,

పరువు పోయింది.

ఆదివారం మధ్యాహ్నం నుంచి వాన. అయినా జనం వచ్చారు. ఇల్లు నిండి, వాకిట్లో గొడుగుల కింద నిలబడ్డారు. మీ అక్క అందరికీ చాయ్ పెట్టింది. ఆరున్నరకు టీవీ వేస్తే తెర అంతా నీలం. దాని మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు. సిగ్నల్ లేదని రాసి ఉందని బడి పంతులు చదివి చెప్పాడు. వైరు పీకి పెట్టాం. డిష్‌తో పాటు వచ్చిన డబ్బా తట్టాం. రిమోట్ తట్టాం. చివరికి టీవీని తట్టాం. ఏడు గంటల దాకా ఆ నీలం రంగు చూసి జనం లేచారు.

ఈదయ్య గడప దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు: "నీలి గొర్రెను మంచిగ జూపించినవ్ రామనర్సన్నా. గసుంటి జాతి నేనెన్నడు సూడలే." అందరూ నవ్వారు. చాయ్ తాగినవాళ్లు కూడా నవ్వారు.

కాటమ్మ కొట్టు దగ్గర ఇప్పుడు అందరూ ఈదయ్య మాటే అంటున్నారు. తొవ్వ చూపించిన ముచ్చట.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు అంతు పట్టడం లేదు. దిక్కు మారలేదు. బోల్టులు బిగువుగానే ఉన్నాయి. చినుకు పడకముందే పైకెక్కి డిష్ తడవకుండా నా గొంగడి కూడా నిండుగా కప్పాను. మంచి గొంగడి, నీళ్లు పట్టని దళసరిది. మూతి దగ్గర తాడుతో కట్టాను కూడా. ఒక్క చుక్క దాని మీద పడనియ్యలేదు. ఇంకా ఏం చేయాలి?

నువ్వు చూశావా? చూస్తే వివరంగా రాయి. నీ ఉత్తరం పట్టుకుపోయి కొట్టు దగ్గర చదివి వినిపిస్తాను. ఇదే కార్యక్రమం ఇరవై తొమ్మిదో తారీఖు ఆదివారం మళ్లీ వేస్తారని సూర్యాపేట పశువుల దవాఖానలో చెప్పారు. ఎన్నిక ఆ వెనకే ఉంది. అప్పటికైనా బొమ్మ రావాలి.

మీ బావ,
రామనర్సయ్య


కోదాడ,
20 జూలై 2007

బావకు,

గొంగడా!

బావా, ఆకాశం నుంచి బొమ్మ డిష్ మీద పడాలి. దాని మీద గొంగడి కప్పితే గొంగడి మీద పడుతుంది. అందులోనూ తడిసిన ఉన్ని. డిష్ వానకు తడవడానికే పుట్టింది. అది గొర్రెపిల్ల కాదు, దానికి జలుబు చేయదు. మా ఆఫీసులో ఈ సంగతి చెబితే ఇంజనీరు గారు కూడా కుర్చీలో నుంచి లేచి నవ్వారు. పేరు చెప్పలేదులే, మా బంధువొకాయన అన్నాను.

కార్యక్రమం చూశాం. బాగానే ఉంది. గొర్రెలు చక్కగా కనిపించాయి. నీ తలపాగా కూడా బాగా కనిపించింది. మాటలు అంత స్పష్టంగా వినపడలేదు. మొత్తానికి అయిపోయింది గదా, ఇంక దాని వెంట పడటం ఎందుకు అని నాకనిపిస్తోంది. ఇరవై తొమ్మిదికి మళ్లీ అందర్నీ పిలిచి, మళ్లీ ఏదో అయితే మరీ బాగుండదు. కొట్టు దగ్గర చదవడానికి ఈ ఉత్తరం పనికిరాదు, గొంగడి సంగతి ఉంది.

ఇంకో మాట. వానకు ఆ డబ్బా లోపల చెమ్మ చేరి ఉంటుంది. చెమ్మతో వేస్తే కాలిపోతుంది. దాన్ని విప్పి తిరుమలగిరి బస్సులో సూర్యాపేట దాకా పంపు. నేను తెప్పించుకుని ఇక్కడ చూపించి ఆగస్టులో పంపిస్తాను. తొందర లేదు.

అక్కకు నా నమస్కారాలు. స్వరూప పచ్చడి పెట్టింది, పంపుతుంది.

నీ బావమరిది,
పరశురాములు


చింతలబండ,
23 జూలై 2007

పరశురాములుకు,

నీ ఉత్తరం చదివాను. మీ అక్క కూడా చదివింది. మాకు అర్థమైంది.

డబ్బా ఇంటి లోపల ఉంటుంది. వాన బయట పడుతుంది. లోపలి డబ్బాకు చెమ్మ ఎట్లా చేరుతుంది? కేబుల్‌కు నెల నెలా కట్టలేక మా డబ్బా మీద కన్ను వేశావని నేననుకున్నాను. మీ అక్క అట్లా అనుకోలేదు. "మా తమ్ముడు గసుంటోడు గాదు. నువ్వు టీవీల వడ్డవని కండ్లు మండుతున్నయ్, గంతే" అంది. నీ సొంత అక్క మాట ఇది.

మాటలు వినపడలేదంటావు. తలపాగా బాగుందంటావు. సగం రోజు మాట్లాడిన మనిషి మాటలు వదిలేసి తలపాగా గురించి రాస్తారా? పోయినేడు నీ కొడుకు పెండ్లికి నేను పంపిన పొట్టేలు చిన్నదని మనసులో పెట్టుకున్నట్టున్నావు. అది చూడటానికే చిన్నది, మాంసం బాగానే పడింది. వడ్డించినవాణ్ని నేనే.

గొంగడి తీసేశాను. తీయగానే బొమ్మ వచ్చింది. ఇప్పుడు వానలో కూడా వస్తోంది, మరీ గట్టిగా కొట్టినప్పుడు మాత్రం కాసేపు ఆగుతుంది. గొంగడి మాట బయట చెప్పొద్దని మీ అక్కను అడిగాను. ఆమె అప్పటికే కాటమ్మకు చెప్పింది.

మంచే అయింది. ఈదయ్య అది విని తానే వచ్చాడు. డాబా ఎక్కి డిష్ చుట్టూ తిరిగి చూశాడు. "గొంగడి కప్పినవా? ఏమో, నేనైనా గదే జేద్దును" అన్నాడు. కిందికి దిగేటప్పుడు, "ఇరవై తొమ్మిదికి మల్ల ఏదో సాకు జెప్తవు. ఆ దినం నేనే వచ్చి డిష్ కాడ కూసుంట. బొమ్మ ఎట్ల రాదో జూస్త" అన్నాడు. కూర్చోమన్నాను. అందర్నీ మళ్లీ పిలిచాను. ఈసారి చాయ్ లేదని కూడా చెప్పాను.

పచ్చడి పంపకపోయినా ఏం కాదు.

రామనర్సయ్య


కోదాడ,
26 జూలై 2007

బావకు,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. సూర్యాపేట బస్సు కండక్టరు నాకు తెలిసినవాడు. తిరుమలగిరి బస్సులో వేయించి నీకు చేరేటట్టు చూస్తానన్నాడు. పచ్చడి సీసా కూడా ఇతనికే ఇచ్చాను. చేతికి అందగానే, అక్క లేనప్పుడు చదువు. పొట్టేలు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు ఫోనే చేశాను. కాటమ్మ ఎత్తింది. "మీ బావ మంద కాడ ఉన్నడు. సంగతేందో నాకు జెప్పు, చేరేస్త" అంది. ఏం లేదన్నాను. "ఏం లేనిదానికి కోదాడ నుంచి ఫోన్ జేస్తరా? ఎవరన్న పోయిండ్రా?" అంది. ఎవరూ పోలేదన్నాను. "మరి ఎవరన్న నీళ్లోసుకున్నరా?" అంది. పెట్టేశాను.

బావా, నీ మాటలు వినపడలేదని అబద్ధం రాశాను. ఒక్క ముక్క పోకుండా వినపడ్డాయి. నట్టల మందు గురించి నువ్వు చెప్పింది అంతా బాగుంది. తర్వాత నువ్వు చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నావు. కెమెరా ఆపారనుకున్నావేమో, ఆపలేదు. ఆ అమ్మాయి "మీ ఊళ్లో అందరూ ఇట్లాగే చేస్తారా?" అని అడిగింది. నువ్వు అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఏడ? మా ఊర్ల గొర్లున్నోళ్లు మస్తుగున్నరు. గొర్లను గాయవచ్చినోణ్ని నేనొక్కణ్నే. మా ఈదయ్య లేడా, గొర్రె దగ్గితే గుడి దిక్కు ఉరుకుతడు గని దవాఖాన దిక్కు ఉరకడు. ఆయన గొర్లకంటె ముందుగాల ఆయనకు తాపాలె నట్టల మందు."

ఆ అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వేసరికి నువ్వు ఆయనకు ఎంత మందు పడుతుందో కూడా చెప్పావు.

ఇది చూసి ఊళ్లో నీకు ఓటు వేసేదెవరు? అందుకే డబ్బా పంపమన్నాను. నీ కోపం సంగతి తెలిసి ముందే విప్పి రాయలేదు, నాదే తప్పు. ఇప్పుడు చెప్పేది విను. ఆదివారం ఆరింటికి ఏదో పని మీద డాబా ఎక్కి డిష్‌ను నాలుగు వేళ్లు పక్కకు జరుపు. ఎవరికీ తెలియదు. నీలి గొర్రె అని ఇంకోసారి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

నీ మేలు కోరే
పరశురాములు


చింతలబండ,
30 జూలై 2007

పరశురాములుకు,

ఉత్తరం శనివారం అందింది. పచ్చడి కూడా అందింది, బాగుంది. ఇంతకు ముందు రాసిన మాటలు మనసులో పెట్టుకోకు.

ఆ మాటలు నేనన్నవే. నీ రాతలో చూడగానే గుర్తుకొచ్చాయి. దాచుదామనుకున్నాను గాని మీ అక్కకు నా మొహం చూస్తేనే తెలిసిపోతుంది. విని, "టీవీల అన్నవు, టీవీల ఇంటరు. కూసో" అంది. అన్నం పెట్టింది.

అయినా నేను నీ ఉపాయమే చేద్దామనుకున్నాను. ఆదివారం ఆరింటికి నిచ్చెన ఎక్కితే డాబా మీద ఈదయ్య ఉన్నాడు. అప్పటికే వచ్చి, డిష్ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. "గాలి లేస్తున్నది, కదులుతదేమో" అన్నాడు. నేను పట్టుకుంటాను, నువ్వు కిందికి పోయి చూడు అన్నాను. "ఆఁ, నేను దిగినంక నువ్వేదో జేస్తవ్. నాకు ఎరికలేదా?" అన్నాడు. కిందికి దిగాను. రోజూ ఆ వేళకు పోయే కరెంటు ఉంది, చక్కగా ఉంది. గట్టిగా కొట్టే వాన కోసం చూశాను, చినుకు లేదు.

పోయినసారికంటే ఎక్కువ మంది వచ్చారు. ఆరున్నరకు నేను తెర మీదికి రాగానే ఈలలు వేశారు. కాలు బెణికిన పొట్టేలును కూడా గుర్తుపట్టారు. నట్టల మందు గురించి చెబుతుంటే తలలూపారు. తర్వాత చాయ్ గ్లాసు వచ్చింది.

నేను చెప్పిన మాటలు నేనే వినలేకపోయాను. కొందరు నా వైపు తిరిగారు. ఇంతలో కాటమ్మ వాకిట్లోకి పోయి పైకి అరిచింది: "ఈదన్నా! టీవీల నీ పేరు జెప్పిండే!"

ఈదయ్యకు పైన ఏమీ వినపడలేదు. గొట్టం వదిలితే బొమ్మ పోతుందని కదలకుండా అక్కడి నుంచే అరిచాడు: "నా పేరా? ఏమన్నడు?"

అందరూ కాటమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. ఆమె జర ఆగి అంది: "నీ అసుంటోడు ఊర్ల ఇంకొకడు లేడన్నడు."

కార్యక్రమం అయిపోయేదాకా ఆయన గొట్టం వదల్లేదు. అప్పుడు దిగి, జనం మధ్యలో నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను నిన్ను కొట్టుకాడ కూసోని అన్నన్ని మాటలంటి. నువ్వు నా పేరు హైదరాబాదు దాక ముట్టజెప్తివి" అన్నాడు. కొందరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. నేను ఏమనాలి? "కూసో, చాయ్ తాగు" అన్నాను. చాయ్ లేదని ముందే చెప్పి ఉన్నాను గనక మీ అక్క నా వైపు అదోలా చూసింది.

ఇంకో సంగతి. నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి స్వరూప నీళ్లోసుకుందని ఊరంతా అనుకుంటున్నారు. నలభై దాటాక ఏం ధైర్యమని మెచ్చుకుంటున్నారు. మీ అక్క కాదని చెబితే, దిష్టి తగులుతుందని దాస్తోందంటున్నారు. కాటమ్మ నువ్వులుండలు పంపుతుందట. వద్దనకుండా తీసుకో.

మీ బావ,
రామనర్సయ్య


కోదాడ,
4 ఆగస్టు 2007

బావకు,

నువ్వులుండలు అందాయి. పక్కింటి ఆమె చూసి ఏమిటి విశేషమని అడిగితే స్వరూప సమాధానం చెప్పలేక రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. "ఏవండీ" కూడా లేదు.

ఈదయ్యకు ఎవరో ఒకరు ఉన్న సంగతి చెబుతారు. వాళ్లు చెప్పేకంటే ముందు నువ్వే చెప్పడం నయం. ఎన్నిక ఏమైందో రాయి. ఆయన నీకు మెత్తబడ్డాడు గనక నువ్వే గెలిచి ఉంటావని నా లెక్క.

పరశురాములు


చింతలబండ,
27 ఆగస్టు 2007

పరశురాములుకు,

ఆలస్యమైంది. నీ లెక్క తప్పింది.

ఎన్నిక రోజు ఈదయ్య లేచి, "నాకొద్దు, రామనర్సన్ననే చేయండ్రి. ఆయనకు పెద్ద మనసున్నది" అన్నాడు. జనం ఒప్పుకోలేదు. "గొర్లను గాయవచ్చినోడు ఆయనొక్కడే గదా, ఆయన గొర్లు గాసుకోని. మాకు రానోడే కావాలె" అని వెనక నుంచి ఒకడన్నాడు. చేతులెత్తమన్నారు. నాకు నా చెయ్యీ, ఈదయ్య చెయ్యీ లేచాయి. మిగిలినవన్నీ ఆయనకు. మీ అక్కకు సంఘంలో సభ్యత్వం లేదు. ఉంటే ఎటు ఎత్తేదో నేను అడగలేదు.

ఈదయ్య అధ్యక్షుడయ్యాడు. ఇంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో చీమ చిటుక్కుమన్నా చాటే కాటమ్మ కూడా చెప్పలేదు. ఎందుకని అడిగితే, "ఆయన మొఖం సూడు, ఎట్ల ఎలుగుతున్నదో. నాకు పానం ఒప్పుతలేదు" అంది. నేను చెబుదామని రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పొట్టేలు మాంసం వండి తినిపించాడు. రెండోసారి, మేత బీడులో పాతగొడవ ఉన్న చోట ముందు నా గొర్రెలే మేయాలన్నాడు. చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆయన కూడా సూర్యాపేట వెళ్లి డిష్ కొనుక్కొచ్చాడు. ఆ కార్యక్రమం ఏ ఆదివారమైనా మళ్లీ వేయొచ్చని దవాఖానలో చెప్పారట. తన పేరు తన చెవులతో వినాలని ఆయన కోరిక. డిష్ బిగించడానికి నన్నే పిలిచాడు. వంకరగా బిగించే మనసు నాకు రాలేదు. బొమ్మ మా ఇంట్లోకంటే బాగా వస్తోంది.

అందుకని ఆదివారం ఆరింటికల్లా నేను ఆయన ఇంటికి వెళుతున్నాను. ఒక ఆదివారం మా గొర్రె మేత ముట్టడం లేదు, చూద్దువు రమ్మని తీసుకుపోయాను. ఇంకో ఆదివారం ఆయన గొర్రెలకు నట్టల మందు తాపుదామన్నాను. ఎందుకు, ఎంత అని ఒక్క మాట అడగలేదు. "నువ్వు జెప్తే తాపుదాం" అని మందలో ఒక్కో గొర్రెనే పట్టి ఇచ్చాడు. అన్నిటికీ తాపాం. పొద్దుగూకేదాకా పట్టింది. పోయిన ఆదివారం ఏ సాకూ దొరక్క ఊరికే కూర్చుందాం రమ్మన్నాను, వచ్చాడు. మీ అక్క అంటోంది: "ఇన్నేండ్లు మొఖాలు సూసుకోనోళ్లు, ఇప్పుడు ఐతారమొస్తే ఇడిసిపెట్టుకుంటలేరు."

వచ్చే ఆదివారం మాత్రం చిక్కు వచ్చింది. ఆయన ఇంటికి చుట్టాలు వస్తున్నారు, వాళ్లతో కలిసి టీవీ చూస్తానంటున్నాడు. చుట్టాలను కూడా మంద దగ్గరికి తీసుకుపోవాలంటే ఏదైనా పెద్ద పనే చెప్పాలి. నాకు తోచడం లేదు. శనివారంలోపు అందేటట్టు రాయి. పోస్టులో వద్దు, కండక్టరుకు ఇవ్వు.

మీ బావ,
రామనర్సయ్య